ఈశ్వరి వేరు పొట్లం గురించి: ఆయుష్ శాఖకు, మా మూలికల అంగళ్ల వాళ్లకు ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ఆయుష్ శాఖ అధికారులకు, తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో మూలికల అంగళ్లు నడుపుకునే అన్నలకు, అక్కలకు నమస్కారం.

ఉపోద్ఘాతం లేకుండా అడిగేస్తా. ఈశ్వరి వేరును కడుపులోకి తీసుకునే మందుగా అమ్మడం ఆపించండి. నల్ల ఈశ్వరి అన్నా, ఈశ్వర వేరు అన్నా, మా పక్క తమిళం మాట్లాడే ఇండ్లల్లో ఈశ్వరమూలి అన్నా అంతా అదే తీగ. దాని చుట్టం గాడిదగడపాకు కూడా అంతే. ఈ రెండూ కిడ్నీలు పాడుచేసేవి, క్యాన్సర్ తెచ్చేవి. తెస్తాయేమో అని అనుమానంతో చెప్పే మాట కాదు, ప్రపంచం మొత్తం ఒప్పుకుని చానా దేశాలు ఎప్పుడో ఆపేసిన సంగతి, మన దగ్గర మాత్రం ఇంకా పేపర్ పొట్లంలో కట్టి ఇస్తాండారు.

నేను ఇక్కడ డిగ్రీ పిల్లలకు బాటనీ చెప్పుకుని బతికేదాన్ని. డాక్టర్ని కాదు. ఆయుర్వేదం అంటే గిట్టని మనిషిని అసలే కాదు, జలుబు చేస్తే మా ఇంట్లో ఇప్పటికీ మిరియాల కషాయమే, గొంతు పట్టేస్తే కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోవడమే. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే మూలికల మీద ఒక్క మాట అంటే చాలు, ఇంగ్లీషు మందుల కంపెనీలోళ్ల దగ్గర ఎంత తీసుకున్నావు అని మొదలు పెడతారు, ఆ గొడవతోనే అసలు విషయం పక్కకి పోతుంది.

మొక్క తెలియని వాళ్లకోసం కొంచెం చెప్తా. శేషాచలం అంచుల్లో, చంద్రగిరి వైపు చేల కంచెల మీద, పాడుబడిన గోడల మీద వానలు పడినాక ఈశ్వరి తీగ బాగా అల్లుకుంటుంది. ఆకు ఒక్కోచోట ఒక్కో ఆకారం, అందుకే పిల్లలు ఆకు చూసి పోల్చుకోలేరు. పువ్వు చూస్తే మాత్రం మర్చిపోరు, అడుగున ఉబ్బెత్తుగా ఉండి, మధ్యలో సన్నటి గొట్టమై, పైన ఊదారంగు నాలుక చాచినట్టు ఉంటుంది. కాయ ఎండినాక కాడ వైపు నుంచి పగిలి అచ్చం ఉట్టిలా వేలాడుతుంది, ఆ ఉట్టిలో పలచటి రెక్కల గింజలు. ఆకు తిప్పి చూస్తే ఎర్ర ముళ్లలాంటి బుడిపెలున్న గొంగళిపురుగులు కనిపిస్తాయి, క్రిమ్సన్ రోజ్ సీతాకోకచిలుకవి. ఆ పురుగు ఈ ఆకే తిని, ఆకులోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది, దాంతో పక్షులు దాని జోలికి రావు. పిల్లలకు ఈ పాఠం భలే నచ్చుతుంది. ఆ తర్వాత ఎవరో ఒకరు లేచి, మేడమ్, మా అవ్వ దీని వేరు నూరి తాగిస్తాది కదా అంటారు, ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా అంటారు.

పిల్లలు చెప్పేది నిజమా కాదా అని ఒక అంగడికి పోయి అడిగినా. పేరు చెప్పను, ఆ ఒక్క అంగడి తప్పు కూడా కాదు. ఈశ్వరి వేరు ఉందా అన్నా అంతే, ఆయన నిచ్చెన కూడా వేసుకోకుండా చెయ్యి ఎత్తి డబ్బా దించి, పెన్సిల్ మందం వేరు ముక్కలు గుప్పెడు తీసి పాత పేపర్లో పెట్టి దారం చుట్టేసినాడు. దేనికి వాడాలన్నా అంటే పాముకి, తేలుకి, జ్వరానికి, మోకాళ్లకి, ఆడోళ్లకి నెల తప్పితే దానికీ అని వరసగా చెప్పినాడు. ఎంత వాడాలంటే చిటికెడు అన్నాడు. ఎన్ని రోజులంటే తగ్గేదాకా. ఆ పొట్లం మీద మొక్క పేరు లేదు, ఎప్పుడు తెచ్చింది లేదు, యాడ నుంచి వచ్చింది లేదు, ఉన్నదల్లా ఏదో పాత సినిమా పేజీలో సగం హీరో మొహం. పక్కనే ఇంకో డబ్బాలో కూడా అలాంటి ముక్కలే ఉన్నాయి, అది వేరే వేరట. రెండూ కలిపి పోస్తే బాటనీ చదివిన నేనే విడదీయలేను, ఎండి ముక్కలైన వేరు దగ్గర పువ్వు ఉండదు, ఆకు ఉండదు, ఏం చూసి గుర్తుపట్టాలి.

ఇప్పుడు దాంట్లో ఏముందో చెప్తా. అరిస్టలోకిక్ యాసిడ్. ఈశ్వరి, గాడిదగడప రెండూ అరిస్టలోకియా అనే జాతి, ఈ పదార్థం ముఖ్యంగా ఆ జాతి మొక్కల్లోనే ఉంటుంది, వేర్లలోనూ గింజల్లోనూ బాగా ఉంటుంది. కడుపులోకి పోయినాక కిడ్నీలో వడకట్టిన నీళ్లలోంచి మంచిది వెనక్కి తీసుకునే సన్న గొట్టాల కణాలు దీన్ని లోపలికి లాక్కుంటాయి, అక్కడ మన ఒంట్లోని ఎంజైములే దాన్ని మార్చి డీఎన్ఏకి అతుక్కునేటట్టు చేస్తాయి. డీఎన్ఏలో ఏ, టీ, జీ, సీ అని నాలుగు అక్షరాలు ఉంటాయి కదా, ఇది పోయి 'ఏ' అనే అక్షరానికి అతుక్కుంటుంది, కణం విడిపోయేటప్పుడు కాపీ తీస్తుంటే అక్కడ 'టీ' పడిపోతుంది. ఇట్లా 'ఏ' ఉండాల్సిన చోట 'టీ' పడే తప్పులు కుప్పలుగా కనిపించాయంటే అది దీని పనే, వేరే కారణాలతో ఈ తీరులో పడటం చానా అరుదు. అంటే ఎప్పుడో తాగి మర్చిపోయిన కషాయం కూడా క్యాన్సర్ గడ్డలో గుర్తు వదిలిపెట్టి పోతుంది, ల్యాబులో చదవొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉండే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2002లోనే ఈ జాతి మొక్కలున్న మూలికా మందులను ఒకటో గ్రూపులో పెట్టింది. పొగాకు, ఆస్బెస్టాస్ ఉండేది ఆ గ్రూపులోనే.

ఇది ఎట్లా బయటపడిందో తెలుసుకుంటే మీకే ఆశ్చర్యం వేస్తుంది. బెల్జియంలో బ్రస్సెల్స్ అనే ఊళ్లో బరువు తగ్గించే క్లినిక్ ఒకటి, ఏళ్ల తరబడి నడుస్తా ఉంది, ఎవరికీ ఏమీ కాలేదు. 1990లో తాము ఇచ్చే మాత్రల్లో రెండు చైనా మూలికలు కొత్తగా కలిపినారు. 1992కల్లా వయసులో ఉన్న ఆడవాళ్లు, బీపీ షుగర్ ఏమీ లేనివాళ్లు కిడ్నీలు ఫెయిలై ఆసుపత్రికి రావడం మొదలైంది. డాక్టర్లు కూపీ లాగితే అందరూ ఆ క్లినిక్ వాళ్లే. చివరికి తేలిందేమంటే వాళ్లు తెప్పించుకోవాల్సిన వేరు పేరు ఫాంగ్‌జీ, వచ్చింది మాత్రం గ్వాంగ్ ఫాంగ్‌జీ, అదేమో అరిస్టలోకియా. పేరు దగ్గర దగ్గరగా ఉంది, ఎండు వేరు చూడ్డానికి ఒకేలా ఉంది, అంతే, వందమందికి పైగా ఆడవాళ్ల కిడ్నీలు దెబ్బతిన్నాయి. అంతటితో అయిపోలా. వాళ్లలో కిడ్నీలు పూర్తిగా చెడిపోయిన 39 మందికి ముందు జాగ్రత్తగా ఆ పాత కిడ్నీలు, మూత్రనాళాలు తీసేసి పరీక్ష చేస్తే 18 మందిలో క్యాన్సర్ ఉంది, మిగిలిన 21 మందిలో 19 మందికి క్యాన్సర్‌కి ముందు వచ్చే మార్పులు ఉన్నాయి. ఇద్దరే బాగున్నారు. ఇది 2000లో అచ్చయిన లెక్క. మాత్రలు ఆపేసి అప్పటికే ఏళ్లు అయింది వాళ్లందరికీ.

ఈ ఏళ్లు అన్న మాట దగ్గరే నేను కొంచెం ఆగాలి, నా లేఖంతా దాని గురించే.

మన పెద్దోళ్లు వేల ఏళ్లుగా వాడినారు, ఏమీ కాలేదు అంటారు. ఈ వాదనను నేను ఎగతాళి చెయ్యను, ఎందుకంటే సగం నిజం. నాభి అనే విషపు దుంప తింటే గుండె ఆగుతుందని మన వైద్యులకు ఏ ల్యాబూ చెప్పలా, కళ్లముందు మనిషి పడిపోతే తెలుసుకున్నారు, తెలుసుకుని వదిలేయకుండా ఆవు పాలలోనో గోమూత్రంలోనో ఉడికించి శుద్ధి చేసే పద్ధతి కనిపెట్టినారు, అట్లా ఉడికిస్తే దాంట్లో విషం నిజంగానే తగ్గుతుందని ఇప్పటి కెమిస్ట్రీ కూడా ఒప్పుకుంటుంది. నల్లజీడి గింజ రసం తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుందని తెలుసు కాబట్టే ఇటుక పొడిలో రుద్ది శుద్ధి చేస్తారు. గంటలోనో, రోజులోనో, వారంలోనో చంపేదాన్ని అనుభవం పట్టుకుంటుంది, చానా బాగా పట్టుకుంటుంది. కానీ ఇరవై అయిదేళ్ల వయసులో నెల తప్పిందని తాగిన కషాయం, యాభై ఏళ్ల వయసులో మూత్రంలో రక్తమై వస్తే ఏ అవ్వ ఆ రెండింటినీ ముడి పెడుతుంది? ఏ వైద్యుడు పెట్టగలడు? ఆ కషాయం ఇచ్చిన మనిషి అప్పటికి చచ్చిపోయి ఉంటాడు, తాగిన మనిషికే గుర్తుండదు. కిడ్నీ మెల్లగా గట్టిపడి కుంచించుకుపోయే జబ్బుకి మొదట్లో నొప్పి ఉండదు, వాపు కూడా ఆలస్యంగా వస్తుంది. తలరాత అనుకుంటారు, దిష్టి అనుకుంటారు, నీళ్లు మంచివి కావు అనుకుంటారు. కాబట్టి వేల ఏళ్లు కాదు, లక్ష ఏళ్లు వాడినా కూడా ఈ రకం విషం అనుభవానికి దొరకదు. పెద్దోళ్ల తెలివిని తక్కువ చెయ్యడం కాదిది, లెక్క రాసుకునేవాడు లేకపోతే ఎంత తెలివైనోడికైనా కనిపించని సంగతి.

నమ్మకపోతే బాల్కన్ దేశాలు చూడండి. సెర్బియా, బోస్నియా, క్రొయేషియా, బల్గేరియా, రొమేనియా, ఆ పక్క డాన్యూబ్ నదిలో కలిసే ఏర్ల వెంబడి కొన్ని ఊళ్లలో వింత కిడ్నీ జబ్బు ఉండేది, ఒక ఇంట్లో అందరికీ వస్తుంది, పక్క ఊళ్లో ఎవరికీ ఉండదు. 1950ల్లో డాక్టర్లు దాన్ని గుర్తించి రాసిపెట్టినారు. నీళ్లన్నారు, బూజన్నారు, లోహాలన్నారు, వంశమన్నారు. 2007 దాకా పట్టింది గట్టి రుజువు దొరకడానికి. గోధుమ చేలల్లో కలుపుగా మొలిచే అరిస్టలోకియా గింజలు పంటతో పాటు కోతలో వచ్చి, పిండిలో కలిసి, రొట్టెలో కాలి, వాళ్ల కడుపుల్లోకి పోతా ఉండేది. రొట్టె కాల్చే వేడికే పోలేదంటే మనం పొయ్యి మీద కాచే కషాయంలో పోతుందా.

మన దేశంలోనే ఇంకోటి. 1975లో సర్గుజాలో, ఇప్పుడు ఛత్తీస్‌గఢ్‌లో ఉంది ఆ జిల్లా, గిరిజన ఊళ్లలో జనానికి ఉన్నట్టుండి కడుపులు నీళ్లు పట్టి ఉబ్బిపోయినాయి, 67 మంది పడితే 28 మంది పోయినారు. వాళ్లు తిన్న సామల్లో గిలిగిచ్చ జాతి మొక్క గింజలు కలిసినాయి, వాటిలో ఉండే పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు కాలేయంలోని సన్న రక్తనాళాలను మూసేస్తాయి. అది కొంచెం త్వరగా, ఒక్కసారే చానామందికి వచ్చింది కాబట్టి దొరికింది. ఒక్కొక్కరికి ఒక్కో ఏడాదిలో వచ్చుంటే ఎవరి కర్మ వాళ్లది అనుకుని ఊరుకునేవాళ్లం.

చైనా మందు కాబట్టి చైనావాళ్లు వెనకేసుకొచ్చారా అంటే అదీ లేదు. ఈ జాతి మూలికల్లో కొన్నింటిని చైనా ప్రభుత్వమే 2003, 2004లో తమ మందుల పట్టిక నుంచి పీకేసింది. తైవాన్ 2003లో నిషేధించింది, అప్పటికే ఆలస్యమైంది, ఎందుకంటే అంతకు ముందు ఆరేడేళ్లలో అక్కడి జనంలో దాదాపు మూడో వంతు మందికి ఈ యాసిడ్ ఉండే అవకాశమున్న మందులు చీటీల మీద రాసిచ్చి ఉన్నారు. 2017లో తైవాన్‌లో 98 లివర్ క్యాన్సర్ గడ్డల డీఎన్ఏ చదివితే నూటికి 78 గడ్డల్లో ఆ 'ఏ' బదులు 'టీ' పడిన గుర్తు దొరికింది. మూత్రనాళాలే అనుకున్నాం, లివర్ దాకా పోయింది. సొంత వైద్యం మీద వాళ్లకున్న గౌరవం మనకంటే తక్కువేం కాదు, అయినా పీకేసినారు.

ఇప్పుడు మన చట్టం సంగతి. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద రూల్స్‌లో షెడ్యూల్ ఈ-వన్ అని ఒక పట్టిక ఉంది, ఆయుర్వేదం, సిద్ధ, యునానీల్లో వాడే విష పదార్థాల పట్టిక. మంచి పట్టికే. నాభి ఉంది, ఉమ్మెత్త ఉంది, గురివింద ఉంది, గన్నేరు, జిల్లేడు, నల్లజీడి, ముషిణి అన్నీ ఉన్నాయి. గమనించండి, ఈ మొక్కలన్నీ గబుక్కున దెబ్బ కొట్టేవే. ఈశ్వరి లేదు, గాడిదగడప లేదు. ఇట్లా మెల్లగా చంపే ఈ మొక్కలకు ఆ పట్టికలో చోటే లేకపోయింది. సరే, పట్టికలో ఉన్నవాటికన్నా రక్షణ ఉందా అంటే, వాటితో చేసిన మందు సీసా మీద వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలి అన్న హెచ్చరిక ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉండాలంట. తెలుగు అడగలేదు. పుత్తూరులోనో పలమనేరులోనో వేరుశనక్కాయల చేను చేసుకునే మనిషి ఏ భాషలో చదువుకోవాలి సార్ దాన్ని? పైగా ఆ రూలు తయారైన మందుకే, డబ్బాలోంచి తీసి పేపర్లో చుట్టిచ్చే పచ్చి వేరుకి కాదు. అంటే లైసెన్సు తీసుకుని, ఫ్యాక్టరీ పెట్టుకుని, సీసాకు లేబులేసి అమ్మేవాడికి కొంచెమన్నా భయముంది, దారం చుట్టి ఇచ్చేవాడికి ఏ భయమూ అక్కర్లేదు. ఈ సందులోనే మా పొట్లం ఉంది.

పాము కాటు గురించి వేరుగా చెప్పాలి, ఈశ్వరి వేరు ఎక్కువగా వాడేది దానికే కాబట్టి. క్యాన్సర్ ఎప్పుడో పదిహేనేళ్లకు, ముందు ప్రాణం కాపాడాలి కదా అని అడుగుతారు, అడగాల్సిన ప్రశ్నే. కానీ ఆ వేరు ప్రాణం కాపాడదు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాట్లతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని అంచనా, అంటే ఏడాదికి 58 వేలు, వాళ్లలో ఆసుపత్రికి చేరకుండా ఊళ్లోనే పోయినవాళ్లే ఎక్కువ. మరి మా మామకు నూరి తాగిస్తే బతికినాడు కదా అంటే, కరిచిన పాము విషం లేనిది అయ్యుండొచ్చు, విషమున్న పామే అయినా ప్రతిసారీ విషం వదలదు, కోరలు దిగినా ఊరికే వదిలేసిన కాట్లు చానా ఉంటాయి. ఆ మనిషి ఏమీ తాగకపోయినా బతికేవాడే, పేరు మాత్రం వేరుకొచ్చింది. నిజంగా విషమెక్కిన వాడికి నాటువైద్యుడి ఇంటి ముందు గడిచే ప్రతి అరగంటా ప్రాణం మీదకే. కట్లపాము కరిస్తే నిద్రలో నొప్పి కూడా సరిగ్గా తెలీదు, తెల్లారేసరికి రెప్పలు వాలిపోతాయి, అప్పుడు కూడా వేరు నూరుతా కూర్చుంటే ఏం చెప్పాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, నాలుగింటికీ కలిపి ఒకే ఇంజెక్షన్ యాంటీ వెనమ్, సర్కారు ఆసుపత్రిలో డబ్బులడగరు. నూట ఎనిమిదికి ఫోన్ కొట్టండి, లేదా బైకు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని పోండి.

అన్ని మూలికలనూ ఒకే గాటన కట్టడం లేదు, కట్టకూడదు కూడా. వస కొమ్ము చూడండి. పసిబిడ్డకు మాటలు రావాలని సానరాయి మీద తల్లిపాలతో అరగదీసి నాలుకకు రాస్తారు, మా పక్క వసంబు పూసలు చేతికి కూడా కడతారు, బిడ్డ వాటిని చీకుతా ఉంటుంది. మన దేశపు వసలో బీటా అసరోన్ అనేది బాగా ఉంటుంది, ఎలుకలకు దాని నూనె పెడితే పేగుల్లో గడ్డలొచ్చాయని అమెరికా 1968లోనే దాన్ని తిండిలో కలపకుండా నిషేధించింది. మనుషుల్లో రుజువు లేదు, ఈశ్వరితో సమానం కాదు. అయినా నెలల బిడ్డకు ఎందుకబ్బా? వాంతులతో ఆసుపత్రికి తెచ్చిన పసిబిడ్డలు ఉన్నారు. మాటలు వాటికవే వస్తాయి, వచ్చినాక ఆపడమే కష్టం. పొద్దున్నే వాకింగ్ చేసే చోట గ్లాసుల్లో పోసి అమ్మే కలబంద రసం ఉంది, తోలు తియ్యకుండా పసుపు సొనతో సహా మిక్సీ వేస్తే వచ్చే రసాన్ని ఐఏఆర్‌సీ క్యాన్సర్ తేవచ్చు అనే గ్రూపులో పెట్టింది, తెచ్చేది అన్న గ్రూపు కాదు, ఆ తేడా గుర్తుంచుకోండి. సొన కారనిచ్చి, కడిగి, లోపలి గుజ్జు మాత్రం తీసుకుంటే ఆ బాధ చానావరకు ఉండదు. కరోనా టైంలో ఇంటింటా తిప్పతీగ కాచి తాగినాం, ముంబైలో డాక్టర్లు అది తాగిన ఆరుగురికి లివర్ దెబ్బతిన్నదని 2021లో రాస్తే, ఆయుష్ మంత్రిత్వ శాఖ అది అసలు తిప్పతీగ అయ్యుండదు, చూడ్డానికి అట్లాగే ఉండే ఇంకో జాతి అయ్యుంటుందని జవాబిచ్చింది. ఆ జవాబు నిజమే అనుకుందాం. అప్పుడు ఇంకా భయం కదా? ఏ మొక్కో తేల్చకుండా దేశమంతా తాగింది అనేగా దానర్థం.

ఇంకో సంగతి డాక్టర్లకు కూడా తగులుతుంది, తగలనీండి. మాకు తెలిసిన ఒకామె డయాలిసిస్‌కి పోతా ఉంది, షుగర్ లేదు, బీపీ కిడ్నీ పోయినాకే వచ్చింది. ఆమెకు నాటుమందు వల్లే ఇట్లయింది అని నేను అనట్లేదు, కారణం ఏమైనా అయ్యుండొచ్చు. నా బాధ ఏందంటే ఎవరూ అడగలేదు. ఇంతకుముందు ఏం మందులు వాడినావమ్మా అంటే ఏమీ వాడలేదు సార్ అనింది, అంతటితో ఆ కాలమ్ అయిపోయింది. నేను పక్కన కూర్చుని, కషాయాలు, వేర్లు, పసర్లు ఏమన్నా తాగినావా అక్కా అంటే, అవి తాగకుండా ఉంటామా అని మోకాళ్ల నొప్పులకు రెండేళ్లు తాగిన పొడి సంగతి చెప్పింది. ఆ పొడిలో ఏముందో ఆమెకు తెలీదు, ఇచ్చిన మనిషి ఇప్పుడు లేడు. మాత్రో సూదో అయితేనే ఆమె లెక్కలో మందు. కాబట్టి అడిగేవాళ్లు పసరు, పొడి, లేహ్యం, కషాయం అని పేరుపేరునా అడగాలి, కేసు షీట్లో రాయాలి. ఆయుర్వేద మందుల వల్ల చెడు జరిగితే నమోదు చేసే జాతీయ కార్యక్రమం ఢిల్లీలోని అఖిల భారత ఆయుర్వేద సంస్థ కేంద్రంగా నడుస్తా ఉంది, అక్కడికి మన రెండు జిల్లాల కిడ్నీ వార్డుల నుంచి సమాచారం పోయే దారి మీరు వెయ్యండి. అది పోకుండా ఎన్నేళ్లయినా కేసులు లేవు కాబట్టి సమస్య లేదు అనే చెప్పుకుంటా ఉంటాం.

అంగళ్ల అన్నలకు ఒక మాట. మీ మీద కోపం లేదు. తాతల నాటి డబ్బాలు, తాతలు చెప్పిన వాడకాలు, మీరేం కావాలని చెయ్యలేదు. ఈశ్వరి వేరు అమ్మి మేడలు కట్టినవాళ్లు కూడా ఎవరూ లేరు, గుప్పెడు వేరుకు వచ్చేదెంత. ఆ ఒక్క డబ్బా, గాడిదగడపాకు ఉంటే అదీ, సర్కారు చెప్పేదాకా ఆగకుండా మీరే దించేయండి. నెల తప్పిందని వచ్చే ఆడపిల్లకు దయచేసి ఇవ్వద్దు, ఆమెకు కావాల్సింది డాక్టరమ్మ. మిగతా వేర్ల పొట్లాల మీద పెన్నుతోనన్నా మొక్క పేరు, తెచ్చిన నెల రాసివ్వండి, రేపు ఎవరికన్నా ఏమన్నా అయితే ఆ రాసిన పేరే మిమ్మల్ని కూడా కాపాడుతుంది.

అధికారులను అడిగేది మళ్లీ చెప్తా, పొడుగు లేఖలో కొట్టుకుపోకుండా. అరిస్టలోకియా జాతి మొత్తాన్ని కడుపులోకి వాడకుండా రాష్ట్రంలో ఉత్తర్వు ఇవ్వండి, షెడ్యూల్ మార్చాల్సింది కేంద్రం కాబట్టి అక్కడికి గట్టిగా రాయండి. లైసెన్సున్న కంపెనీల మందుల్లో ఈ పేరు ఎక్కడన్నా ఉంటే ఆ జాబితా తెలుగులో బయటపెట్టండి. అంగళ్లలో వేర్ల శాంపిల్స్ తీసి చూడ్డానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు, తిరుపతిలోనే ఎస్వీ ఆయుర్వేద కాలేజీ ఉంది, ఆయుర్వేద కాలేజీ అంటేనే ద్రవ్యగుణ విభాగం ఉంటుంది, మొక్కను గుర్తుపట్టడం వాళ్ల పనే. ఎండు వేరులో యాసిడ్ ఉందో లేదో చెప్పే పరీక్షలు కూడా కొత్తవేం కావు. ఆశా కార్యకర్తలకు ఇచ్చే ట్రైనింగ్‌లో ఈ రెండు మొక్కల ఫోటోలు చేర్చండి, వాళ్లు చెప్తే ఊళ్లో వింటారు, నేను చెప్తే పాఠం అనుకుంటారు.

మొక్కను మాత్రం పీకించొద్దు. నిషేధం అనగానే ఎవడో ఒకడు పారలు పట్టుకుని అడవి మీద పడతాడని నా భయం. అది కంచె మీద ఉన్నంతసేపు ఎవరికీ హాని లేదు, ఆ సీతాకోకచిలుకలకు ఇంకో గతి లేదు.

మీ ఇన్‌స్పెక్టర్లకు ఈశ్వరి, గాడిదగడప ఎట్లా ఉంటాయో చూపించాలంటే నేను వస్తా, పైసా అక్కర్లేదు. ప్రెస్ చేసిన నమూనాలు మా ల్యాబులో ఉన్నాయి, పువ్వు, కాయ, వేరు అన్నీ ఉన్నవి. పచ్చిగా చూడాలంటే వానాకాలం అయ్యేలోపు రండి, చంద్రగిరి దారిలో చూపిస్తా. శని ఆదివారాలు మాత్రం వద్దు, కొండకొచ్చే బండ్లతో ఊరు దాటేసరికే మధ్యాహ్నమైపోతుంది.

ఇట్లు,
తిరుపతి నుంచి ఒక బాటనీ టీచర్